పొరుగు మారిన అమ్మోనియం

తీజానీ గారు ఆ కాగితాన్ని కిటికీ అద్దానికి ఆనించి పట్టుకున్నారు. వెనకనుంచి పొద్దుటి వెలుగు పడి, ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న దుర్సాఫ్ రాత్రనక పగలనక కూర్చుని తీసిన గీత గదిలో అందరికీ కనబడింది. సందులో వేలాడదీసిన తడిబట్టలా ఉంది అది ఆమె కంటికి.

"ఏమిటిది?"

దుర్సాఫ్ తన బల్ల పక్కన నిలబడి వింటోంది.

"ఒక్క గుట్ట ఉండాల్సిన చోట రెండున్నాయి. కుడివైపుది సరే, జియాద్ చూపించిన చోటే ఉంది. ఈ ఎడమ పక్కది ఎక్కణ్ణుంచి వచ్చింది? మీ ఊరి గాడిదేమన్నా మోసుకొచ్చి దించి పోయిందా?"

వెనక బల్ల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు జియాద్‌దని తిరిగి చూడకుండానే తెలిసింది. రెండేళ్ళ కిందట ఇదే గదిలో పట్టా పుచ్చుకుని, ఇప్పుడు ఇదే విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతున్నాడతను. అమ్మోనియం మీద ఈ ప్రయోగశాలకు పేరు తెచ్చిన పత్రం అతనిదీ, తీజానీ గారిదీ.

ఆయన కాగితం దించి, ఆమె బల్ల మీది కల్వంలోంచి చిటికెడు పొడి తీసి రెండు వేళ్ళ మధ్య నలిపారు. "ఇసుక. నేను మైదా అడిగితే నువ్వు ఇసుక తెచ్చావు. నూరలేదు నువ్వు. బద్ధకం. నాలుగేళ్ళ నుంచీ చెబుతున్నా, ఈ గదిలో పని తల్లోంచి మొదలవదు, భుజంలోంచి మొదలవుతుంది."

ఆ మాట నిజమే. సముద్రం ఒడ్డున ఉన్న ఈ స్ఫాక్స్ నగరంలో గాలి ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది. ఏ ఉప్పు పొడి చేసినా ఇట్టే తేమ పట్టి ముద్దకడుతుంది. అందుకని ఆ ప్రయోగశాలకు ఒక పద్ధతి ఉంది. స్ఫటికం ముక్కను పొటాషియం బ్రోమైడ్‌తో కలిపి, అగేటు రాతి కల్వంలో వేసి, పైన వేడి దీపం పెట్టి, పొడి పొత్రానికి అంటుకోవడం మానేసేదాకా నూరాలి. తర్వాత ప్రెస్సులో పెట్టి ఒత్తితే గాజుముక్కలాంటి బిళ్ళ వస్తుంది. దాంట్లోంచి వెలుగు పంపితే లోపలి అణువులు ఎలా కదులుతున్నాయో గీత వస్తుంది. ఈ నూరుడు తీజానీ గారికి వాళ్ళ గురువు నేర్పాడు. 'సీ తీజానీ' అని గౌరవంగా పిలిచే తన శిష్యులందరికీ ఆయన నేర్పారు. బజార్లో ఎవరిదైనా కుడి భుజం ఎడమదానికంటే బలిసి కనబడితే, వీడు తీజానీ శిష్యుడని చెప్పేయొచ్చని పక్క విభాగాలవాళ్ళు వేళాకోళం చేస్తుంటారు.

"శనివారం మధ్యాహ్నం దాకా కార్యాలయం తెరిచుంటుంది," అన్నారాయన కళ్ళజోడు తుడుచుకుంటూ. "శుభ్రమైన గీత తీసుకురా, నీ డాక్టరేటు ఫైలు మీద సంతకం పెడతాను. తేలేకపోతే నేనేం చెయ్యలేను. గడువు పొడిగించడం ఇదే ఆఖరుసారని నీకూ తెలుసు."

ఆయన వెళ్ళిపోయాక దుర్సాఫ్ కల్వంలోని పొడిని చెత్తబుట్టలో వంపింది. వంపినప్పుడు కుడి మణికట్టులో సూది దిగినట్టయింది. పెదవి బిగబట్టి, చొక్కా చెయ్యి కిందికి లాక్కుంది.

ఆ మణికట్టు సంగతి తీజానీ గారికి తెలియదు. తెలియకూడదు కూడా. నవంబరులో ఆలివ్ కోతలకు సెలవడిగితే ఆయన ఇవ్వలేదు. "చెట్లు ఎక్కడికీ పోవు, స్ఫటికాలు పోతాయి," అన్నారు. ఇంటిదగ్గర చూస్తే అన్నకు నడుం పట్టేసింది, కూలీలు దొరకలేదు. జ్వరమని కబురు పంపించి ఊరెళ్ళింది. మూడోరోజు నిచ్చెన జారింది. కాయలు రాలడానికి కింద పరిచిన గుడ్డ మీద పడబట్టి తల బతికింది గానీ చేతికి దెబ్బ తగిలింది. ఊళ్ళో ఎముకలు కట్టే ముసలాయన పిండి కట్టు వేసి పంపించాడు. జ్వరానికి మణికట్టు ఎందుకు వాచిందని అడిగితే ఏం చెబుతుంది? అందుకే నలుగురిలో ఉన్నప్పుడు చొక్కా చెయ్యి కిందికి దింపుకుని, నొప్పి ఓర్చుకోగలిగినంతసేపు నూరి, పొడి కాస్త బరకగా ఉండగానే బిళ్ళ ఒత్తేస్తోంది.

"నేను నూరి పెడతానే," అంది పక్క బల్ల మీద పనిచేసే రౌధా, గదిలో ఎవరూ లేని సమయం చూసి. ఇద్దరూ ఒకే గది అద్దెకు తీసుకుని ఉంటారు, మణికట్టుకు నూనె రాసేది ఆమే. "ఊళ్ళో పెళ్ళిళ్ళకు మా అమ్మ వెంట మిరపకాయలు దంచిన చెయ్యి ఇది. ఇటివ్వు."

"నాకు నేర్పిన పని నువ్వు చేస్తే ఎలా?"

"అబ్బో, వచ్చింది సత్యసంధురాలు. జ్వరమని చెప్పినప్పుడు ఎక్కడికి పోయింది ఈ సత్యం? జరుగు."

రౌధా కుర్చీ లాక్కుని, మోచేతులు బల్లకు ఆనించి, దీపం వేడికి నుదుట చెమట పడుతున్నా ఆపకుండా నూరింది. నూరుతూనే కొత్త వదినగారి వంట మీద, ఆ వదిన తల్లి వంట మీద ఒక దండకం చదివింది. పొత్రం కింద మొదట గరగరమన్న చప్పుడు మెల్లగా సన్నబడి, చివరికి పట్టుగుడ్డ రాసినట్టయింది. బిళ్ళ ఒత్తి యంత్రంలో పెట్టారు. తెర మీద గీత కుడినుంచి ఎడమకు నడుచుకుంటూ వచ్చింది.

ఒక్కటే గుట్ట. జియాద్ చూపించిన చోటే. ఎడమ పక్కది లేనేలేదు.

"అదీ!" అని రౌధా బల్ల మీద చరిచింది. "సంతకం! చూశావా? నీ చెయ్యి బాగుండి ఉంటే ఈ పాటికి డాక్టరమ్మవయ్యేదానివి. తీయ్ కాగితం, ఆయన ఇంకా కింద కాఫీ దగ్గరే ఉంటాడు."

దుర్సాఫ్ కాగితం తీసింది. తలుపు దాకా వెళ్ళింది. అక్కడే నిలబడిపోయింది.

"ఏమయిందే?"

"అదెక్కడికి పోయింది?"

"ఏది?"

"ఎడమ పక్కది. స్ఫటికం అదే, సీసా అదే. మట్టో మురికో అయితే ఎంత నూరినా అందులోనే ఉండాలిగా. నూరితే మురికి పోతుందా ఎక్కడన్నా?"

"పోయింది గదే! పోయినదాన్ని పట్టుకుని ఏడుస్తావేం? పీడ విరగడయింది, కాగితం ఇచ్చేసి రా."

దుర్సాఫ్ ఇవ్వలేదు. కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది. అది కావాలంటే రేపు ఇవ్వొచ్చు, ఎల్లుండి ఇవ్వొచ్చు. అది చేతిలో ఉంది కాబట్టే ఆమెకు ఆలోచించే ధైర్యం వచ్చింది.

ఆ సాయంత్రం అద్దెగదిలో కూరకు గుమ్మడికాయ ముక్కలు ఎడమచేత్తో తరుగుతూ ఆమె తన అమ్మోనియం గురించే ఆలోచించింది. నాలుగేళ్ళుగా దాంతోనే కాపురం. ఒక నత్రజని, దాన్ని పట్టుకుని నాలుగు హైడ్రోజన్లు. నీళ్ళలో వేస్తే ఇక దాన్ని పట్టేవాడు లేడు, జాతరలో తప్పిపోయిన పిల్లలా గిరగిరా తిరుగుతుంది. స్ఫటికంలో అట్లా కుదరదు. చుట్టూ క్లోరైడులు గోడకట్టినట్టు నిలబడి ఉంటాయి. తిరగడానికి లేదు, ఉన్నచోటే ఊగాలి. గోడ బిగుతుగా ఉంటే ఊగుడు చురుగ్గా ఉంటుంది, గుట్ట ఎడమకు జరుగుతుంది. గోడ వదులైతే ఊగుడు మందగిస్తుంది, గుట్ట కుడికి వస్తుంది. జియాద్ పత్రంలో కొత్తదనమంతా అదే. జింకు కలిపి పెంచిన ఈ స్ఫటికంలో క్లోరైడు గోడ ఎవరూ అనుకోనంత వదులుగా ఉందని, అమ్మోనియం ఘనంలో ఉండి కూడా సగం నీళ్ళలో ఉన్నట్టే మసలుతోందని.

వదులుగా ఉందా? లేక...

చాకు ఆగిపోయింది.

బ్రోమైడు క్లోరైడు కంటే లావు. బ్రోమైడుల మధ్య ఇల్లు కాస్త విశాలం. నూరేటప్పుడు స్ఫటికానికి చుట్టూ ఉన్నదేమిటి? కల్వం నిండా పొటాషియం బ్రోమైడ్. దీపం వేడి, సముద్రపు చెమ్మ, అరగంట నూరుడు. అంతసేపు అదిమి తిప్పితే అమ్మోనియం క్లోరైడును వదిలేసి బ్రోమైడు పక్కకు చేరిపోదా?

"రౌధా," అంది. "మనం చూస్తోంది మన స్ఫటికాన్ని కాదేమోనే. అమ్మోనియం ఇల్లు మారిపోయింది. మనమే మార్చాం. నూరి నూరి."

రౌధా బ్రెడ్డు ముక్క నోట్లో పెట్టుకోబోయి ఆగింది. నవ్వుదామా అని చూసి, దుర్సాఫ్ మొహం చూసి మానుకుంది. "అంటే జియాద్ పత్రం?"

"జియాద్ మైదాలా నూరాడు. అతని భుజం గట్టిది."

"అంటే సీ తీజానీది కూడా తప్పే."

దుర్సాఫ్ చాకు పక్కన పెట్టింది. గుమ్మడికాయ ముక్కలు ఎండిపోతున్నాయి.

తెల్లారి చెయ్యాల్సిన పని స్పష్టంగానే ఉంది. బ్రోమైడు తగలకుండా కొలవాలి. దానికి పాత పద్ధతి ఒకటుంది. స్ఫటికాన్ని నూనెలో మెదిపి రెండు మామూలు ఉప్పు పలకల మధ్య పూసి పెట్టడం. మామూలు ఉప్పంటే క్లోరైడే కాబట్టి పొరుగు మారినా మారనట్టే. కానీ దానికి కావలసిన పారఫిన్ నూనె ప్రయోగశాలలో అడుగంటి చాలాకాలమైంది. అందరూ బిళ్ళలే ఒత్తుతున్నప్పుడు దాన్ని తెప్పించేదెవరు?

"ఆలివ్ నూనె వాడవే. మీ ఇంటినుంచి డబ్బాలు డబ్బాలు వచ్చాయిగా," అంది రౌధా.

"ఆలివ్ నూనెకు సరిగ్గా అక్కడే సొంత గుట్ట ఉంటుంది. నా దాన్ని మింగేస్తుంది."

"ఛీ, మన నూనె ఒక్కదానికీ పనికిరాదని ఇప్పుడే వింటున్నా. బయట అనకు, రాళ్ళేస్తారు."

దుర్సాఫ్ పాత ఊరి కోటగుమ్మం బాబ్ జెబ్లీ దగ్గరి మందుల షాపుకు వెళ్ళింది. అరల ముందు నిలబడ్డ పెద్దావిడ పారఫిన్ నూనె పేరు వినగానే గొంతు తగ్గించింది.

"ఎన్నాళ్ళయింది తల్లీ?"

"ఏది?"

"అదే... కడుపు కదిలి."

దుర్సాఫ్‌కు చెవులు వేడెక్కాయి. వెనక ఇద్దరు మగవాళ్ళు నిలబడి ఉన్నారు. "నాక్కాదమ్మా. ప్రయోగానికి."

"అందరూ అట్లాగే అంటారు. ఎవరికైనా సరే, రాత్రి పడుకోబోయే ముందు ఒక చెంచా. తగ్గకపోతే అత్తిపళ్ళు నానబెట్టి తినిపించు." సీసా కాగితంలో చుట్టిస్తూ, జాలిగా చెయ్యి తట్టి పంపింది.

ప్రయోగశాలలో అప్పటికి ఎవరూ రాలేదు. దుర్సాఫ్ మూడు చిన్న స్ఫటికాలు ఏరి, నూనె చుక్క వేసి, గాజు పలక మీద చెంచా వెనకవైపుతో మెదిపింది. దీనికి బలం అక్కర్లేదు. నెయ్యి రాసినంత పని. ఉప్పు పలకల మధ్య పెట్టి యంత్రంలో దూర్చింది. గీత వస్తుండగా తెరకు దగ్గరగా వంగింది.

ఒక్కటే గుట్ట. ఎడమ పక్కది. మురికని, గాడిద మోసుకొచ్చిందని అన్నదే.

అక్కడితో ఆగలేదామె. అలమరలో అడుగున ఉన్న మామూలు అమ్మోనియం బ్రోమైడ్ సీసా తీసి దాన్నీ నూనెలో మెదిపి చూసింది. దాని గుట్ట కుడివైపున, జియాద్ పత్రంలో ఉన్న చోటికి దాదాపు ఆనుకుని పడింది. రౌధా నూరినదాన్ని కూడా కలిపి మూడు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీకి పట్టి చూసింది. సంతోషం వస్తుందనుకుంది. రాలేదు. ఇప్పుడు ఈ సంగతి తనకు తెలుసు. తెలియనట్టు ఉండటానికి ఇక వీల్లేదు.

"ఏమిటి, పొద్దున్నే కాగితాలు ఎండబెడుతున్నావు?"

జియాద్. కాఫీ గ్లాసు చేతిలో ఉంది. తాళాలు తిప్పుకుంటూ దగ్గరికొచ్చి వెలుగులో ఉన్న గీతలు చూశాడు. చూస్తూ చూస్తూ తాళాలు తిప్పడం ఆపేశాడు. అతను తెలివితక్కువవాడు కాదు. ఆమె చెప్పక్కర్లేకుండానే మూడు గీతలూ చదివేశాడు.

"నూనెలో తీశావా?"

"ఊఁ."

"ఈ మూడోది బ్రోమైడా?"

"ఊఁ."

అతను గ్లాసు బల్ల మీద పెట్టాడు. తలుపు వైపు ఒకసారి చూశాడు. తర్వాత చాలా నెమ్మదిగా, ఇంటి మనిషితో మాట్లాడినట్టు అన్నాడు. "దుర్సాఫ్, నీ దగ్గర శుభ్రమైన గీత ఒకటుందటగా. రౌధా నూరి పెట్టిందని కింద అనుకుంటున్నారు. అది ఇచ్చెయ్. సంతకం తీసుకో. పట్టా చేతికొచ్చాక వచ్చే ఏడాది నింపాదిగా ఈ సంగతి రాసుకుందువు గాని. నేను కూడా పేరు కలుపుతాను."

"తప్పని తెలిసి ఇవ్వనా?"

"నేనేమన్నా తెలిసి ఇచ్చానా?" అతని గొంతు ఒక్కసారిగా లేచింది. "నేర్పినట్టు చేశాను. ఇప్పుడు నా ఉద్యోగం ఖాయమయ్యే ఫైలు రాజధానిలో, తునిస్‌లో ఉంది, ఆ పత్రంతో సహా. ఆలోచించు. నా సంగతి వదిలెయ్, ఆయన సంగతి చూడు. వచ్చే ఏడాది పదవీ విరమణ. ఆయన జీవితంలో జనం చెప్పుకునేది ఆ ఒక్క పత్రమే. నువ్వు కాయలు రాల్చే కర్రతో దాన్ని కొట్టి, ఆ తర్వాత ఆయన్నే సంతకం పెట్టమంటావా? పెడతాడా?"

"పెట్టరు," అంది దుర్సాఫ్. ఆమె నమ్మింది కూడా అదే.

అతను కాఫీ తాగకుండానే వెళ్ళిపోయాడు.

ఆ రోజు అమ్మ ఫోను చేసింది. నూనె మిల్లు దగ్గర ఎంత రద్దీగా ఉందో, ఈసారి నూనె ఎంత ఘాటుగా వచ్చిందో చెప్పి, "అయిపోయిందా నీ చదువు?" అని ప్రతిసారీ అడిగినట్టే అడిగింది. "శనివారం తెలుస్తుందమ్మా," అంది దుర్సాఫ్. "శనివారం తేలకపోతే వచ్చెయ్యి, చివరి రెండు వరసలు ఇంకా కొయ్యలేదు," అంది అమ్మ. నొప్పించాలని కాదు, తలుపు తీసే ఉందని చెప్పడానికి. అయినా ఆ మాట గుండెలో ఎక్కడో కలుక్కుమంది.

శనివారం పొద్దున్న యంత్రం గదిలో అందరూ చేరారు. వారం వారం అక్కడే కూర్చుని ఎవరి పని వాళ్ళు చూపించడం అలవాటు. తీజానీ గారు కిటికీ పక్క కుర్చీలో మోకాళ్ళు రుద్దుకుంటూ కూర్చున్నారు. దుర్సాఫ్ ఫైలు ఆయన ఒళ్ళో ఉంది, సంతకానికి ఖాళీ వదిలిన పుట పైకి వచ్చేలా. జియాద్ తలుపు దగ్గర నిలబడ్డాడు.

దుర్సాఫ్ సంచిలో రెండు కాగితాలున్నాయి. రౌధా నూరినదాన్ని వేళ్ళతో తడిమింది. దాన్ని వదిలి రెండోదాన్ని బయటికి తీసింది.

"సీ తీజానీ, ఇది నూనెలో తీసింది. బ్రోమైడు తగలకుండా." కాగితం ఆయన ముందుకు చాచింది. "గుట్ట ఎడమ పక్కనే ఉంది. నూరేకొద్దీ అది తగ్గి కుడిపక్కది పెరుగుతోంది. మనం... నూరుడుతో అమ్మోనియం పొరుగు మారుస్తున్నాం. మనం చూసింది క్లోరైడు మధ్య వదులుగా ఉన్న అమ్మోనియం కాదు. బ్రోమైడు మధ్యకు పోయిన అమ్మోనియం."

తీజానీ గారు ఆ కాగితం తీసుకుని చూశారు. పక్కన పెట్టారు.

"కల్వం తీసుకురండి."

ఆయన అగేటు కల్వం ఒళ్ళోకి లాక్కున్నారు. ఆమె సీసాలోంచి స్ఫటికాలు తనే ఏరుకున్నారు, బ్రోమైడు తనే వేశారు. దీపం జరిపించుకున్నారు. ఒక్క నాలుగు తిప్పులు తిప్పి కొంచెం పొడి పక్కకు తీయించి, దాన్ని బిళ్ళ ఒత్తమన్నారు. ఆ గీత వస్తుండగా మళ్ళీ నూరారు. మళ్ళీ కొంచెం తీయించారు. ఆయన నూరుడు చూడటానికి అందంగా ఉంటుంది. భుజం ఎక్కడా తొందరపడదు, పొత్రం కల్వం అంచు దాకా వెళ్ళి నీళ్ళు తిరిగినట్టు తిరిగొస్తుంది. చివరికి పట్టుగుడ్డ చప్పుడు వచ్చేదాకా నూరి, మిగిలింది ఇచ్చారు.

తెర మీద మూడు గీతలూ ఒకదాని కింద ఒకటి నిలిచాయి. పైదాంట్లో ఎడమ గుట్ట ఎత్తుగా, కుడిది చిన్న మొటిమలా. నడిమిదాంట్లో రెండూ సమానంగా. అడుగుదాంట్లో ఎడమ పక్క నున్నగా, తుడిచేసినట్టు ఉంది.

తీజానీ గారు లేచి తెర దగ్గరికొచ్చి, ముక్కు తగిలేంత దగ్గరగా చూశారు. కళ్ళజోడు తీశారు. మళ్ళీ పెట్టుకున్నారు. తర్వాత ఎవరితోనూ ఒక్క మాటనకుండా, చంకలో ఫైలు పెట్టుకుని తలుపు తీసుకుని వెళ్ళిపోయారు. మెట్ల మీద ఆయన అడుగులు ఒక్కొక్కటిగా కిందికి దిగడం వినబడింది.

"అయిపోయింది," అన్నాడు జియాద్, ఎవరినీ చూడకుండా.

రౌధా వచ్చి దుర్సాఫ్ భుజం పట్టుకుంది. "వెళ్ళవే. వెనకే వెళ్ళు. కాళ్ళు పట్టుకో. నా కాగితం చూపించు. ఇంకా టైముంది."

దుర్సాఫ్ మెట్లు దిగింది. వరండాలో లేరు. కాఫీ దగ్గర లేరు. కారు చెట్టు కిందే ఉంది. ఊరికి వెళ్ళే బండి ఏ వేళకు దొరుకుతుందా అని ఆలోచన అప్పుడే వచ్చేసింది. గోడ వెంబడి ముందుకు నడిచింది. మూల తిరిగితే కార్యాలయం కిటికీ. ఆఖరి రోజు కావడంతో వరస బయటిదాకా వచ్చి ఉంది, అందరూ ఫైళ్ళు పట్టుకున్న విద్యార్థులు.

వరస చివర, వాళ్ళందరికంటే ఒక తల పొడుగ్గా, తీజానీ గారు నిలబడి ఉన్నారు. ఫైలు గుండెలకు ఆనించుకుని. ముందున్న కుర్రాళ్ళు పక్కకు జరిగి దారిస్తామంటున్నారు. "నిలబడండయ్యా, నిలబడండి, మీకు మాత్రం తొందర లేదా?" అని కసురుతున్నారు.

దుర్సాఫ్‌ను చూసి కోపంగా చెయ్యి ఊపారు. "ఎక్కడికి పోయావు? రా ఇటు. నా మోకాళ్ళు పనిచెయ్యడం లేదు, వచ్చి ఈ చోటు పట్టుకో."

ఆమె వెళ్ళి ఆయన చోట్లో నిలబడింది. ఫైలు తీసుకుంది. సంతకం చేయాల్సిన చోట ఆయన పొడుగాటి సంతకం, సిరా ఇంకా కాస్త మెరుస్తోంది.

"ఇదిగో," అన్నారాయన పక్కనే ఉన్న మెట్టు మీద కూలబడుతూ. "నీ గ్రంథంలో రెండో భాగం మళ్ళీ రాయాలి నువ్వు. రాసి పరీక్షకుల దగ్గరికి పంపుదాం. ఆ పత్రానికి దిద్దుబాటు నేను రాస్తాను, మొదటి పేరు నాదే పెడతాను. జియాద్‌ను భయపడొద్దని చెప్పు. వాడు కొలిచింది సరిగ్గానే కొలిచాడు, నేను చెప్పినట్టు నూరాడు. తునిస్‌కు ఉత్తరం కూడా నేనే రాస్తాను."

"సీ తీజానీ, నేను... మీకు కోపం వస్తుందని..."

"వచ్చింది. ఎందుకు రాదూ? నలభై ఏళ్ళు నూరాను." ఆయన మోకాలు రెండు చేతులతో పట్టుకుని సముద్రం వైపు చూశారు. మొహం మీద ముడతలు ఎవరో చేత్తో సర్దినట్టు సడలి ఉన్నాయి. "నీకొకటి తెలుసా? ఆ అమ్మోనియం నిజంగా అంత వదులుగా ఉంటే, చల్లబరిచినప్పుడు ఎక్కడో ఒకచోట బిగుసుకోవాలి. బిగుసుకున్నప్పుడు వేడి చూపించాలి. మూడేళ్ళ నుంచీ వేడి కొలిచే యంత్రంలో పెడుతున్నాను. ఒక్కసారి చూపించలేదు. యంత్రాన్ని తిట్టాను. బాగుచెయ్యడానికి వచ్చినవాణ్ణి తిట్టాను. వాణ్ణి పంపిన కంపెనీవాళ్ళను తిట్టాను. మా ఆవిడ నాతో అన్నం తినడం మానేసింది, అన్నం ముందు కూడా ఇదే గొడవని. ఇవాళ తెర మీద చూస్తే, ఆ యంత్రం నిజమే చెబుతోంది. పాపం మొదటినుంచీ నిజమే చెబుతోంది. ఇక తిట్టడానికి నాకు ఎవరూ మిగల్లేదమ్మాయ్." ఆయన నవ్వారు. గదిలో ఎప్పుడూ వినని నవ్వు, మెత్తటిది. "ఎంత హాయిగా ఉందో."

వరస కొంచెం ముందుకు జరిగింది. దుర్సాఫ్ ఫైలును కుడి చేతిలోంచి ఎడమ చేతిలోకి మార్చుకుంది.

"అదేమిటి, ఆ చెయ్యి?"

ఆమె చొక్కా చెయ్యి కిందికి లాగబోయింది. ఆయన చూసేశారు.

"జ్వరంలో వచ్చిందా అది?"

అబద్ధం చెప్పే శక్తి ఆమెకు అప్పటికి అయిపోయింది. "నిచ్చెన మీంచి పడ్డానండి. కోతల్లో."

తీజానీ గారు చాలాసేపు ఆ వాపు వైపే చూశారు. "మా పొలంలో ఏటా ఇద్దరు పడతారు," అన్నారు చివరికి. "నేను కూడా పడ్డాను, నీ వయసులో. మా గురువుకు పంటినొప్పని చెప్పాను." మళ్ళీ కసురుతున్నట్టే అన్నారు. "నొప్పి చెయ్యితో నూరావా ఇన్నాళ్ళూ? బరకగా వచ్చిందని నేను తిట్టానా? బద్ధకమని అన్నానా?"

"అన్నారండి."

"అందరిలోనా?"

"అందరిలోనే."

ఆయన తల ఊపారు. "సోమవారం అందరిలోనే చెబుతాను మళ్ళీ. ముందు ఆసుపత్రికి పో, ఫోటో తీయించు. ఎముకలు కట్టే ముసలాళ్ళను నమ్మకు."

పైన వరండా పిట్టగోడ మీంచి రౌధా, ఆమె పక్కన జియాద్, తలలు బయటపెట్టి చూస్తున్నారు. రౌధా రెండు చేతులూ ఎత్తి ఏమిటి ఏమిటని అడుగుతోంది. దుర్సాఫ్ చెయ్యెత్తి జవాబు చెప్పబోయింది. ఆ చెయ్యి లేవలేదు, నొప్పి వల్ల కాదు. మూడు వారాలుగా ఆపుకున్న ఏడుపు ఒక్కసారిగా వచ్చేసింది. ఏడుస్తూ నవ్వుతూ పైకి చూసింది. రౌధాకు అర్థమైంది కాబోలు, పక్కనున్నవాడి వీపు మీద గట్టిగా ఒకటి చరిచింది. జియాద్ పిట్టగోడకు వాలి, మొహం రెండు చేతుల్లో పెట్టుకుని, పరుగెత్తి వచ్చినవాడిలా ఊపిరి వదిలాడు.

"ఎవరమ్మా తర్వాత?" కిటికీలోంచి గుమాస్తా ఆవిడ కేక వేసింది. "త్వరగా, మూసే టైమయింది. ఎవరిదీ ఫైలు?"

దుర్సాఫ్ మొహం తుడుచుకుని మెట్టు వైపు చూసింది. తీజానీ గారు గోడకు తల ఆనించి, ఎండకు కళ్ళు మూసుకుని, నోరు కొంచెం తెరిచి అప్పటికే కునుకు తీస్తున్నారు.

"నెమ్మదిగా అనండమ్మా," అంది ఆమె, ఫైలు కిటికీలోకి జారుస్తూ. "పెద్దాయన పడుకున్నారు."